మూడు అంగళ్ల సూది

నా పేరు ఎస్తేరు. సర్కారు దవాఖానల్లో ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా పనిచేశాను. ఇప్పుడు కరీంనగర్‌లో చిన్న ఇంట్లో ఉంటూ, పొద్దున మిద్దె మీది మొక్కలకు నీళ్లు పోసి, మధ్యాహ్నం కునుకు తీసి, సాయంత్రం మోకాళ్లు నొస్తున్నాయని గొణుక్కుంటూ బతుకుతున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆడపిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "సిస్టర్, మీ అనుభవాలు రాయరాదు" అంటారు. ఎక్కడ చేరాను, ఎప్పుడు హెడ్ నర్సునయ్యాను, ఏ కలెక్టరు శాలువా కప్పాడు అన్నవి రాయబోతే నాకే నిద్ర వచ్చింది. అందుకని వాటిని వదిలేసి ఒక్క సూది గురించి రాస్తున్నాను. నా ఉద్యోగంలో నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క సూదిలోనే ఉంది, చేసిన తప్పులతో సహా.

గొంతు నొప్పి, కీళ్ల నొప్పి, గుండె

ఈ సూది ఏ జబ్బుకో మీరు పుస్తకంలో చదివే ఉంటారు. అయినా తల్లులకు నేను చెప్పే పద్ధతిలో చెబుతాను. చిన్నపిల్లలకు గొంతు నొస్తుంది, జ్వరం వస్తుంది, నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. అన్ని గొంతు నొప్పులూ ఒకటి కావు. వాటిలో ఒక రకం తగ్గినట్టే తగ్గి, రెండు మూడు వారాలకు కీళ్లలో తేలుతుంది. గొంతు నొప్పి తెచ్చిన క్రిమి మీద పోరాడాల్సిన ఒంటి బలం పొరబడి సొంత ఒంటి మీదే పడుతుంది. ఈ రోజు మోకాలు వాస్తే, రేపు అది తగ్గి చీలమండ వాస్తుంది. కొన్నాళ్లకు కీళ్లు మామూలుగా అయిపోతాయి, పిల్ల మళ్లీ ఉరుకుతుంది, ఇంట్లో అందరూ మర్చిపోతారు.

గుండెలోని వాల్వులు మాత్రం మామూలు కావు. వాల్వులంటే నెత్తురు ఒక గది నుంచి ఇంకో గదికి పోవడానికి ఉన్న తలుపులు. ఆ జ్వరం వాటిని వాచేలా చేస్తుంది. వాపు తగ్గాక అవి గట్టిపడి సరిగ్గా మూసుకోవు, లేదా సరిగ్గా తెరుచుకోవు. జ్వరం మళ్లీ వచ్చిన ప్రతిసారీ ఇంకొంచెం చెడతాయి. మళ్లీ రాకుండా చూడటానికి మన చేతిలో ఉన్నది ఇరవై ఒక్క రోజులకొకసారి వేసే పెన్సిలిన్ సూది. వినడానికి ఇంత చిన్న పని.

పడుకొమ్మన్నాను

ఉద్యోగంలో చేరిన కొత్తలో కరీంనగర్‌లో ఒక కాన్పుల వార్డులో ఉన్నాను. ఒక మధ్యాహ్నం ఏడో నెల గర్భిణిని తీసుకొచ్చారు. ఇరవై రెండేళ్లుంటాయి. మంచం మీద కాళ్లు వేలాడేసి కూర్చుంది, ఎంత చెప్పినా పడుకోదు.

"పండుకుంటే ఊపిరి ఆడుతలేదు సిస్టర్" అన్నది.

ఆ రోజు వార్డు నిండా జనం. నాకు విసుగొచ్చింది. "కడుపుతోని ఉన్నోళ్లందరికి ఆయాసమే. నువ్వొక్కదానివే మోస్తున్నవా? జర పండుకో" అని కసిరాను. ఆ పిల్ల నా మాట విని పడుకుంది. నేను పక్క మంచం దగ్గరికి పోయాను.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చి, గుండె మీద గొట్టం పెట్టీ పెట్టగానే, "ఈమెను ఎవరు పడుకోబెట్టారు? లేపి కూర్చోబెట్టండి" అన్నారు. వాల్వు సన్నబడిపోయి నెత్తురు ఊపిరితిత్తుల్లోకి ఎదురు తన్నుతోంది. చేయగలిగినవన్నీ చేశారు. మర్నాడు ఆ పిల్ల దక్కలేదు. వాళ్లమ్మ గోడకు చేరగిలబడి, "సిన్నప్పుడు కాళ్లు నొస్తున్నయంటే ఆముదం రాసిన. పెరిగే కాళ్లు గదా అనుకున్న" అని ఎవరడగకపోయినా చెబుతూనే ఉంది.

నా కసురుడు వల్లే చనిపోయిందని డాక్టరమ్మ అనలేదు. అప్పటికే చేయి దాటిందనే చెప్పారు. కానీ కూర్చుంటానన్న మనిషిని పడుకోబెట్టింది నేను. ఆ తర్వాత ఏ రోగి ఎలా కూర్చుంటానంటే అలా కూర్చోనిచ్చాను. ఎందుకలా కూర్చున్నావని అడగడం కూడా నేర్చుకున్నాను.

జంగు అడిగిన మాట

నా ఉద్యోగంలో ఎక్కువ కాలం జైనూర్ దాటాక అడవి పక్కన ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గడిచింది. ఆ ఊళ్లో గురువారం అంగడి, అంటే వారం సంత. చుట్టుపక్కల గూడేలన్నీ ఆ రోజే దిగుతాయి, దవాఖానకు కూడా ఆ రోజే వస్తాయి. ఒక గురువారం జంగు అనే గోండు రైతు పదేళ్ల కూతురిని భుజం మీద మోసుకొచ్చాడు. పిల్ల పేరు సోంబాయి. మోకాలు తాకబోతే కెవ్వుమంది.

"మొన్నటిదాంక ఈ కాలు. ఇయ్యాల గా కాలు" అన్నాడు జంగు. "ఆకు కట్టిన, తగ్గింది. తగ్గి అటు పోయింది."

అటు పోయింది అనే మాట వినగానే పిల్ల వైపు తిరిగాను. "నెల కింద గొంతు నొచ్చిందా?" అని అడిగాను.

"నొచ్చింది" అన్నది సోంబాయి. "జొన్న గటుక సుత మింగలే."

అప్పుడు మాకున్న డాక్టరు గారు కోపిష్టి, కానీ చెవి మంచిది. పిల్ల గుండెను చాలాసేపు విని, గొట్టం నా చెవులకు పెట్టారు. లబ్, డబ్ అని విడివిడిగా వినపడాల్సిన చప్పుళ్ల మధ్య బుస్సుమని ఏదో ఊదుతోంది. కరీంనగర్ పంపించి ఎకో పరీక్ష చేయించాం. ఒక వాల్వు కొంచెం కారుతోందని తేలింది. ఇక్కడితో ఆపగలిగితే పిల్ల మామూలుగా బతుకుతుందని, మళ్లీ జ్వరం వస్తే మాత్రం చెప్పలేమని రాసిచ్చారు.

నేను జంగును బల్ల మీద కూర్చోబెట్టి సూది సంగతి చెప్పాను. ఇరవై ఒక్క రోజులకొకటి. పెద్దయ్యేదాకా తప్పదు, నలభై ఏళ్లు వచ్చేదాకా కూడా వేయాల్సి రావచ్చు.

అతను కూతురి వైపు చూశాడు. "నలభై ఏండ్లదాంక. అప్పటిదాంక నువ్వుంటవా సిస్టరమ్మ?"

బదిలీ రేపే రావచ్చు. నలభై ఏళ్ల సంగతి ఎవరికి తెలుసు. కానీ ఉండనంటే అతను మళ్లీ రాడని నాకు అనిపించింది. "ఉంటా" అన్నాను.

అంగడి చెప్పు

ఆ సూది అంటే నర్సులకు రెండు భయాలు. ఆ మందు ఒంటికి పడకపోతే ప్రాణం మీదికి వస్తుందన్నది మొదటిది. మా డాక్టరు గారు మొదటి సూదికి నా పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నారు. ముందు పరీక్ష సూది వేయించి, మందు వికటిస్తే ప్రాణం నిలపడానికి అడ్రినలిన్ నింపి పక్కన పెట్టించి, "నా మొహం చూడకు, గడియారం చూడు" అన్నారు. ఆయన బదిలీ అయ్యాక వచ్చిన ఇంకో డాక్టరు, "ఏదన్నా అయితే ఎవరిది బాధ్యత? ఇక్కడ వేయొద్దు" అన్నాడు. నేను మూడు గురువారాలు ఆయన గది ముందు నిలబడితే, తానున్నప్పుడే వేయమని ఒప్పుకున్నాడు. భయపడేవాళ్లంటే నాకు గౌరవమే, భయం ఉంటేనే అడ్రినలిన్ చేతికి దగ్గరగా ఉంటుంది. ఆ భయాన్ని సాకు చేసుకుని రోగిని వెనక్కి పంపేవాళ్లంటే మాత్రం నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

రెండో భయం నొప్పి. ఆ మందు చిక్కటి మజ్జిగలా ఉంటుంది. సూదిలో అడ్డుపడితే తీసి మళ్లీ గుచ్చాలి. రెండుసార్లు గుచ్చించుకున్న పిల్ల మూడోసారి రాదు. సోంబాయి రెండోసారికే మా దవాఖాన గోడ దూకి పారిపోయింది. జంగు అంగడంతా వెతికి, జిలేబీ దుకాణం వెనకాల పట్టుకొచ్చాడు.

ఆ రోజు నుంచి నేను మందు కలిపిన సీసాను అరచేతుల మధ్య దొర్లించి, ఒంటి వేడి పట్టేదాకా గుప్పిట్లో ఉంచుకునేదాన్ని. సూది గుచ్చాక తొందరపడకుండా నెమ్మదిగా వదిలేదాన్ని. అలా వదలాలంటే పిల్ల కదలకూడదు. అందుకని, "సోంబాయి, అంగడి చెప్పు. నేను పొద్దటి నుంచి బయటికి పోలే. మొదటి నుంచి ఒక్కటి ఇడువకుండ చెప్పు" అన్నాను.

పిల్ల ఏడుపు గొంతుతోనే మొదలుపెట్టింది. "మొదలు ఉల్లిగడ్డలోళ్లు. ఎనక ఎండు చేపలు. గాడ వాసన. ఎనక గాజులామె. ఎనక మిరపకాయల కుప్ప. గా కుప్ప మీద ముసలోడు పండుకుండు."

"మిరపకాయల మీదనా?"

"పక్కకు" అని నవ్వింది. జిలేబీ దుకాణం చేరేసరికి సూది బయటికి వచ్చేసింది.

అప్పటి నుంచి అదే మా పద్ధతి. ఏడేళ్లు ఆ అంగడిని బల్ల మీద బోర్లా పడుకున్న పిల్ల నోట్లోంచి విన్నాను. ఏ దుకాణం కొత్తగా వచ్చింది, ఎవరి దూడ తప్పిపోయింది, ఎండు చేపలామె ఎవరితో కొట్లాడింది, అన్నీ నాకు తెలుసు. జిలేబీ దగ్గరికి వచ్చాక జంగు నిజంగానే జిలేబీ కొనిపెట్టేవాడు. ఇవేవీ మందులో లేవు, ఏ పుస్తకంలోనూ రాయలేదు. అందుకే కాబోలు, పక్కన ఎవరైనా ఉంటే నాకు కొంచెం సిగ్గుగా కూడా ఉండేది.

నా తెలివి

ఇరవై ఒక్క రోజులంటే సరిగ్గా మూడు వారాలు. అంటే సూది ఎప్పుడూ గురువారమే వస్తుంది, అంగడి రోజే. ఇది తట్టిన రోజు నాకు నా మీద ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. చదువు రాని వాళ్లకు తారీఖులు రాసిచ్చే గోల తప్పింది. జంగుకు చెప్పాను: "ఈ అంగడి ఇడిసిపెట్టు. ఇంక మూడు అంగళ్లు అయ్యేనాటికి రా. మూడో అంగట్ల సూది."

జంగు ఇంటి వాసానికి ఒక తాడు కట్టుకున్నాడు. అంగడి అయినప్పుడల్లా ఒక ముడి. మూడో ముడి పడే రోజు కూతురిని తీసుకొచ్చి, ఇంటికి పోయి ముడులన్నీ విప్పేసేవాడు. ఏడేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు. వాగు పొంగినప్పుడు కూతురిని భుజాన వేసుకుని దాటించాడు. పట్నంలో చదువుకున్న తల్లిదండ్రులే రెండేళ్లకు మానేయడం చూశాను, జంగు మాత్రం మానలేదు. నేను మీటింగుల్లో జంగు తాడు గురించి గొప్పగా చెప్పుకునేదాన్ని. పెద్దవాళ్లు తలలూపేవారు.

అంగడి ఆగింది

కరోనా వచ్చింది. అన్నిటితో పాటు అంగళ్లు కూడా మూసేశారు. నన్ను వేరే మండలంలో, రోగులను ఉంచిన హాస్టలు డ్యూటీకి వేశారు. అక్కడ నెలలు గడిచిపోయాయి. సూది వేయించుకునే వాళ్లలో ఫోన్లున్న వాళ్లకు కబురు చేశాను. దవాఖానలో ఉన్న సిస్టర్ వేస్తుంది, భయపడకండి అని చెప్పాను. జంగు గూడెంలో సిగ్నల్ లేదు. అయినా నాకు ఫికర్ లేదు. జంగు తప్పడు, లోకం తలకిందులైనా మూడో గురువారం వస్తాడు అనుకున్నాను.

వానాకాలం పోయాక నా దవాఖానకు తిరిగొచ్చి రిజిస్టరు తెరిచాను. సోంబాయి పేరు ఎదురుగా గళ్లన్నీ ఖాళీగా ఉన్నాయి. ఆశా వర్కరును వెంటబెట్టుకుని మర్నాడే గూడేనికి పోయాను.

జంగు నన్ను చూసి సంబరపడ్డాడు. మంచం వాల్చి, చాయ్ పెట్టమని లోపలికి కేక వేశాడు. నేను కూర్చోలేదు.

"ఎందుకు రాలే జంగూ? ఇన్ని నెలలాయె."

అతను నా వంక వింతగా చూశాడు. "అంగడే కాలే గద సిస్టరమ్మ. మూడు అంగళ్లు అయినంక రమ్మంటివి. బంద్ పెట్టకముందు ఒక్కటే అయింది." వాసం వైపు చూపించాడు. "సూడు. మళ్ల ఎప్పుడు మొదలైతదో అని వారం వారం మనిషిని తోలిచ్చి అడుగుతనే ఉన్న."

తాడు అక్కడే వేలాడుతోంది. దానికి ఒకే ఒక్క ముడి ఉంది.

అతను మర్చిపోలేదు, నిర్లక్ష్యం చేయలేదు. నేను చెప్పింది చెప్పినట్టు చేశాడు. మిగిలిన రెండు అంగళ్ల కోసం అన్ని నెలలు కాచుకుని కూర్చున్నాడు.

అంతలో సోంబాయి నీళ్లు మోసుకుంటూ వచ్చింది. పదిహేడేళ్ల పిల్ల, బిందె సగమే ఉంది. బోరింగు నుంచి ఇంటికి నలభై అడుగులుండవు, ఆ దూరంలోనే రెండుసార్లు ఆగింది. మెడ దగ్గర నరం కొట్టుకోవడం నాకు అక్కడి నుంచే కనిపించింది.

"వానల్ల గొంతు నొచ్చిందా బిడ్డా?"

"నొచ్చింది. ఎనక కీళ్లు సుత వాసినయ్. తగ్గినయ్ తియ్" అని నవ్వింది. "అంగడి చెప్పమంటవా? అంగడే లేకపాయె."

తిరిగొస్తుంటే దారిలో మా అమ్మ గుర్తొచ్చింది, మేం అవ్వ అనేవాళ్లం. మాది బొగ్గు గనుల కాలనీ, నాన్న, అంటే మా బాపు, గనిలో పనిచేసేవాడు. మా అవ్వ వారాలను బాపు షిఫ్టులతో లెక్కపెట్టేది. మొదటి షిఫ్టు వారం, రెండో షిఫ్టు వారం అని. ఒకసారి గనుల్లో సమ్మె జరిగి షిఫ్టులే లేవు. అవ్వ మా అందరికీ తలలు దువ్వి, ఉతికిన బట్టలు తొడిగి, ఆదివారం అనుకుని శనివారం రోజు చర్చికి తీసుకుపోయింది. తాళం వేసిన తలుపు ముందు నిలబడి మేం పడీ పడీ నవ్వాం. నేను నెలల తరబడి అవ్వను ఆటపట్టించాను. లెక్క దేనికి కట్టామో అది ఆగిపోతే రోజులు ఏమైపోతాయో నాకు అప్పుడే తెలిసి ఉండాల్సింది. తెలుసుకోకపోగా నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆపరేషన్

హైదరాబాద్‌లో పరీక్షలు చేసి, వాల్వు బాగా కారుతోందని, గుండె సాగిపోతోందని, ఆపరేషన్ తప్పదని చెప్పారు. నేను సెలవు పెట్టి వాళ్లతో పోయాను. పిల్లను లోపలికి తీసుకుపోయాక నేనూ జంగూ బయట వరండాలో కూర్చున్నాం. నేను లోపల ప్రార్థన చేసుకుంటున్నాను. అతను తన దేవుళ్లను తలుచుకుంటున్నాడు, పెదవులు మాత్రమే కదులుతున్నాయి.

అప్పుడు చెప్పాను. "జంగూ, తప్పు నాది. లెక్క నేనే తప్పు చెప్పిన. అంగడి మీద పెట్టకపోతే నువ్వు తప్పకుంట వచ్చేటోనివి."

"అంగడి ఆగుతదని నువ్వు అనుకోలే. నేను సుత అనుకోలే. మా తాత పుట్టక ముందుకెల్లి ఉన్నది అంగడి" అన్నాడు. తర్వాత నా చేతి మీద చేయి వేశాడు. "ఊకె పరేషాన్ గాకు సిస్టరమ్మ. నువ్వు ఏడిస్తే నాకు భయమైతది."

అతని ముందు ఏడుపు ఆపుకున్నాను. పక్కకు పోయి ఏడ్చాను.

సోంబాయి బతికింది. వాల్వు మార్చాల్సిన పని పడలేదని, ఉన్నదాన్నే కుట్టి సరిచేశామని సర్జను చెప్పారు. వెంటనే వేలు చూపించి, "ఇంకోసారి ఆ జ్వరం వచ్చిందంటే మా కుట్లు నిలవవు. సూది తప్పకూడదు" అని నాతో అన్నారు. నర్సు అని తెలిసే అన్నారు.

ఇంటికి పోయాక ముగ్గురం కూర్చుని కొత్త లెక్క పెట్టుకున్నాం. ఈసారి నేను చెప్పలేదు, అడిగాను. "ఏది ఆగదు మీ ఇంట్ల?" సోంబాయి చెప్పింది: "పొద్దు ఆగదు గద." ఇరవై ఒక్క ముడులు వేసి, పొద్దు పొడవగానే ఒక్కటి విప్పాలి. ముడులు అయిపోయిన రోజు గురువారమైనా, కాకపోయినా, అంగడి ఉన్నా లేకపోయినా రావాలి. మీరు కూడా మందు ఎప్పుడు వేసుకోవాలో చెప్పేసి ఊరుకోకండి. ఆ ఇంట్లో రోజులు ఎలా లెక్కపెడతారో అడగండి, ఆ లెక్క ఎప్పుడు ఆగుతుందో కూడా అడగండి. నాకు ఈ రెండో ప్రశ్న అడగడం చేతకాలేదు.

కొత్త చెయ్యి

నేను రిటైరయ్యాను. నా స్థానంలో శిరీష అనే అమ్మాయి వచ్చింది. చురుకైంది, శ్రద్ధ ఉంది. పోయేముందు ఆమెకు మోతాదు, పరీక్ష సూది, అడ్రినలిన్ అన్నీ అప్పజెప్పాను. సీసా గుప్పిట్లో పట్టుకోవడం, అంగడి చెప్పించడం మాత్రం చెప్పలేదు. అవి నా పిచ్చి అలవాట్లు, చదువుకున్న పిల్లకు ఏం చెబుతాంలే అనుకున్నాను.

మూడు వారాలు తిరక్కుండానే సోంబాయి ఫోన్. ఇప్పుడు గూడేనికి సిగ్నల్ వచ్చింది, అంగట్లో సీతాఫలాలు, కూరగాయలు పెట్టుకుని సోంబాయి తానే అమ్ముతోంది.

"నేను పోను సిస్టరమ్మ. గా కొత్త పిల్ల ఏస్తుంటే మందు అడ్డం పడ్డది, రెండు సార్లు గుచ్చింది. రెండు దినాలు కుంటిన. నువ్వే వచ్చి ఎయ్యి. లేకుంటే ఇడిసిపెడ్త."

"ఇడిసిపెడితే ఏమైతదో తెలుసా?"

"తెలుసు" అన్నది. పక్కన జంగు గొంతు వినపడింది: "నలభై ఏండ్లదాంక ఉంటనన్నది గద, అడుగు."

తర్వాతి ముడులు అయిపోయే రోజుకు నేను కరీంనగర్‌లో బస్సెక్కాను. అది గురువారమే అయింది. దవాఖానకు పోయి ముందు శిరీషను పక్కకు కూర్చోబెట్టాను. నేను తిడతాననుకుని పాపం ఆ పిల్ల బిగుసుకుపోయింది.

"తప్పు నీది కాదు బిడ్డా, నేను పూర్తిగా చెప్పకుండా పోయాను" అని, మందు కలిపించి సీసా ఆమె చేతుల్లో పెట్టాను. దొర్లించడం చూపించాను, అంగడి చెప్పించే సంగతి కూడా చెప్పాను. ఆమె గుప్పిట మీద నా గుప్పిట పెట్టి, "నీ చేతి వేడి దీనికి రావాలె. అప్పటిదాంక ఏదైనా మాట్లాడుకుందాం" అన్నాను. వాళ్ల ఊరు మంచిర్యాల అట. అమ్మ బీడీలు చుడుతుందట. మాటల్లో పడి ఇద్దరం సీసా సంగతి మరిచిపోయేంతలో అది వేడెక్కింది.

సోంబాయి అంగట్లో గంప పక్కవాళ్లకు అప్పజెప్పి వచ్చింది. నన్ను చూడగానే ముఖం వెలిగింది. "నువ్వే ఎయ్యి" అన్నది.

"ఎయ్యను" అన్నాను. "నాకు చెయ్యి వణుకుతుంది ఇప్పుడు." వణకదు. ఇంకో పదేళ్లు వేయగలను. సీసా చూస్తే నా వేళ్లు దానికోసం లాగుతున్నాయి కూడా. సోంబాయి నా కళ్లలోకి చూసింది, నమ్మలేదు, అయినా లోపలికి పోయింది. నేను బయటికి వచ్చి జంగు పక్కన అరుగు మీద కూర్చున్నాను.

తలుపు దగ్గరగా వేసి ఉంది. కాసేపటికి శిరీష గొంతు, కొంచెం బెరుకుగా, వినపడింది.

"అక్కా, నేను పొద్దటి నుంచి బయటికి పోలే. అంగడి చెప్పు."

నేను తలుపు వైపు వంగాను.

"మొదలు ఉల్లిగడ్డలోళ్లు" అన్నది సోంబాయి నెమ్మదిగా. "ఎనక ఎండు చేపలామె, ముసల్దైంది, కొట్లాడుతలేదు ఇప్పుడు. గాజులామె జాగల సెల్‌ఫోన్ల దుకాణం పడ్డది. ఎనక మిరపకాయలు. ఎనక జిలేబీ."

"జిలేబీ పక్కన ఎవరున్నరు?"

"నేనే. గాడనే కూసుంట, సీతాఫలాలు పెట్టుకోని." ఆగింది. "అయిపోయిందా? గుచ్చినవా అసలు?"

లోపల ఇద్దరూ నవ్వారు. జంగు నా వైపు తిరిగి, పెదవుల కింద నవ్వు దాచుకుంటూ, "నలభై ఏండ్లదాంక ఉంటనన్నవ్ గద సిస్టరమ్మ" అన్నాడు.

"ఉన్న గద" అన్నాను, తలుపు వైపు చూపించి.

అతను ఆ తలుపు వైపు కాసేపు చూసి తలూపాడు. వాసం నుంచి విప్పి నడుముకు చుట్టుకొచ్చిన తాడు తీసి, ఒడిలో పెట్టుకుని, మళ్లీ మొదటి నుంచి ముడులు వేయడం మొదలుపెట్టాడు. నేను పక్కన కూర్చుని లెక్కపెట్టాను. పన్నెండో ముడి దగ్గర నా బస్సు వచ్చింది.